ఒకరి భుజాల మీద ఒకరు: గలిలయ సర్కస్ పిల్లలతో వారం రోజులు

మే 19, 2019, ఆదివారం

మా జగిత్యాల జిల్లాలో ఇజ్రాయెల్ అంటే చాలామందికి మొదట గుర్తొచ్చేది పని. ముసలివాళ్లను చూసుకునే కేర్‌గివర్ ఉద్యోగాల కోసం అక్కడికి వెళ్లినవాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది ఉన్నారు. మా చిన్నమ్మ కొడుకు కూడా ఆరేళ్లుగా హైఫాలో ఒక పెద్దాయనను చూసుకుంటున్నాడు. నేను సర్కారు బడిలో పీఈటీని. వేసవి సెలవులు, తమ్ముడు పంపిన టికెట్టు డబ్బులు కొంత, నేను దాచుకున్నవి కొంత. వీటితో ప్రయాణం కుదిరింది.

తమ్ముడిని చూడడంతో పాటు ఇంకో పని మీద కూడా వెళ్లాను. ఉత్తర ఇజ్రాయెల్‌లోని గలిలయలో యూదు పిల్లలు, అరబ్బు పిల్లలు కలిసి నేర్చుకునే ఒక సర్కస్ ఉందని రెండేళ్ల కిందట చదివాను. ఏటా పంద్రాగస్టుకు మా బడి పిల్లలతో పిరమిడ్లు కట్టించేవాణ్ణి నేను. పిల్లల పిరమిడ్లో ఎవరు కింద ఉంటారు, ఎవరు పైకి ఎక్కుతారు, ఎవరి భుజం మీద ఎవరు కాలు పెట్టడానికి ఒప్పుకుంటారు అన్నది ఎంత పెద్ద విషయమో నాకు తెలుసు. ఉత్తరం రాశాను. వచ్చి చూడమన్నారు.

ఢిల్లీ నుంచి నేరుగా టెల్ అవీవ్‌కు విమానం ఉంది. సౌదీ గగనతలం మీదుగా వెళ్లే ఈ దారి 2018 మార్చిలోనే తెరిచారు. దిగాక రాత్రి షెరూత్ ఎక్కాను. అంటే మన షేర్ ఆటో లాంటిదే, కాకపోతే పది సీట్ల వ్యాను. తెల్లారక ముందే హైఫా.

మే 20, సోమవారం, హైఫా

నగరం కార్మెల్ కొండ మీద నుంచి మెట్లు మెట్లుగా సముద్రంలోకి దిగుతుంది. తమ్ముడు ఉండే ఇల్లు కొండ నడుమ. వాడు చూసుకునే పెద్దాయన రొమేనియాలో పుట్టి, దేశం ఏర్పడిన కొత్తలో వచ్చినవారు. తమ్ముడు ఆయన్ని సబా అంటాడు, హీబ్రూలో తాత అని. ఆయన నా చేయి పట్టుకుని వదల్లేదు. ఎందుకొచ్చావని తమ్ముడి ద్వారా అడిగారు. సర్కస్ సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్న మాట తమ్ముడు నాకు మెల్లగా చెప్పాడు: "అరబ్బు ఊళ్లకు ఒక్కడివే పోకుమంటుండు అన్నా. జాగ్రత్త అంటుండు."

ఆయనకు గుండె వైద్యం చేసే డాక్టరు అరబ్బు. వారానికోసారి ఫోన్లో పలకరిస్తాడట. సబా ఆ డాక్టరు మీద ఈగ వాలనివ్వరు. అయినా ఆ డాక్టరు పుట్టిన ఊరికి నన్ను వెళ్లొద్దంటారు. ఇది ఆయనలో చెడుతనం అని నాకు అనిపించలేదు. ఆయన బతుకంతా భయం మీద కట్టుకున్నారు, ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. కానీ ఒక మనిషిని నమ్మడం, ఆ మనిషి ఊరిని నమ్మడం వేరు వేరు సంగతులని ఆ పొద్దున నాకు బాగా అర్థమైంది.

మధ్యాహ్నం వాడీ నిస్నాస్ వీధుల్లో తిరిగాను. పాత అరబ్బు పేట. ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి 1948 యుద్ధంలో ఈ నగరపు అరబ్బుల్లో ఎక్కువమంది వెళ్లిపోయారు, కొన్ని వేలమందే మిగిలారు, వాళ్లనీ ఈ పేటలోకి చేర్చారు. పక్కనే బేత్ హగెఫెన్ అనే అరబ్బు యూదు సాంస్కృతిక కేంద్రం ఉంది, 1963 నుంచి నడుస్తోంది. అంటే ఈ ప్రయత్నాలు కొత్తవేమీ కావు.

సాయంత్రం తమ్ముడు గంట సేపు వీలు చేసుకుని భారతీయ సైనికుల శ్మశానానికి తీసుకెళ్లాడు. 1918 సెప్టెంబరు 23న మైసూరు, జోధ్‌పూర్ అశ్వదళాలు గుర్రాల మీద వచ్చి తుర్కుల చేతి నుంచి ఈ నగరాన్ని పట్టుకున్నాయి. అదే బ్రిగేడ్‌లో మన హైదరాబాద్ లాన్సర్లు కూడా ఉన్నారు. ఢిల్లీలో తీన్ మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్లదే. ఎక్కడి నిజాం రాజ్యం, ఎక్కడి కార్మెల్ కొండ! తమ్ముడు చెప్పులు విప్పి దండం పెట్టాడు. నేనూ పెట్టాను.

మే 21, మంగళవారం, కర్మియేల్

హైఫా నుంచి కర్మియేల్‌కు రైలు. 2017లో వేసిన కొత్త లైను. చివర్లో నాలుగు కిలోమీటర్లకు పైగా సొరంగం. బయటికి రాగానే ఎండలో తెల్లటి కొండలు, ఒలీవ చెట్లు, తీర్చిదిద్దిన ఊరు.

ఈ లోయను అర్థం చేసుకోకపోతే సర్కస్ అర్థం కాదు. తూర్పు పడమరలుగా 85వ నంబరు రోడ్డు పోతుంది. రోడ్డుకు దక్షిణాన కర్మియేల్, 1964లో కట్టిన యూదు పట్టణం. ఉత్తరాన కొండవాలు మీద దేర్ అల్ అసద్, బిఇనె, నహఫ్, కాస్త పడమరగా మజ్ద్ అల్ కురూమ్. ఇవి ఏనాటివో అరబ్బు ఊళ్లు. కర్మియేల్ కట్టింది ఈ ఊళ్ల నుంచి ప్రభుత్వం తీసుకున్న భూముల మీదే. పట్టణంలో బాల్కనీలో నిలబడితే అవతలి మినార్లు కనిపిస్తాయి, అవతలి డాబాల మీద నిలబడితే ఈ అపార్ట్‌మెంట్లు కనిపిస్తాయి. నడిచిపోయేంత దూరం. అయినా ఇటు పిల్లలు హీబ్రూ బళ్లకు, అటు పిల్లలు అరబ్బీ బళ్లకు వెళ్తారు. దేశమంతటా బడి వ్యవస్థే అలా విడివిడిగా ఉంది. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఒకరితో ఒకరు ఒక్క మాటైనా మాట్లాడకుండా పెరగడం ఇక్కడ మామూలే.

అమెరికా నుంచి 1990లో వచ్చి ఇక్కడికి దగ్గర్లోని షొరాషిమ్ అనే ఊళ్లో స్థిరపడ్డ రబ్బీ (యూదు మత గురువు) మార్క్ రోజెన్‌స్టీన్ 2003లో ఈ సర్కస్‌ను మొదలుపెట్టారు. పేరు గలిలయ సర్కస్. 2000 అక్టోబరులో జరిగిన నిరసనల్లో పోలీసు కాల్పులకు 13 మంది అరబ్బులు చనిపోయిన తర్వాత ఈ ప్రాంతంలో ఉన్న కొద్దిపాటి రాకపోకలు కూడా తెగిపోయాయి. పెద్దవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించే సమావేశాలు అప్పటికే చాలా జరిగాయి. సర్కస్‌కు మాటలతో అంత పని లేదు. బంతి ఎగరేస్తే ఎదుటివాడు ఏ భాష మాట్లాడేవాడైనా పట్టుకోవాల్సిందే.

నాలుగు గంటలకు హాల్లోకి వెళ్లాను. కింద నీలం రంగు చాపలు. దూలానికి వేలాడదీసిన పొడవాటి గుడ్డలు, ఒక ట్రపీజు కర్ర, గోడకు ఆనించిన ఒంటిచక్రం సైకిళ్లు, మూలన డబ్బాలో డయాబోలోలు, అంటే రెండు కర్రలకు కట్టిన తాడు మీద తిప్పి ఎగరేసే బొంగరాలు. ఇరవై మంది దాకా పిల్లలు, తొమ్మిదేళ్ల నుంచి పదిహేడేళ్ల దాకా. ఎవరు ఎవరో చూసి చెప్పగలనేమో అనుకున్నాను, చెప్పలేకపోయాను. కాసేపటికి మాటను బట్టి తెలుసుకోవచ్చేమో అనుకున్నాను. అదీ కుదరలేదు. అరబ్బు పిల్లలందరూ హీబ్రూ మాట్లాడేస్తున్నారు, బడిలో నేర్చుకుంటారు. యూదు పిల్లలకు మాత్రం అరబ్బీలో పది మాటలే వచ్చు. యల్లా, హబీబీ, షుక్రన్, ఇంకో ఏడు.

ఈ తేడా చిన్నది కాదు. ఒక పక్షం రెండు భాషలు మోస్తోంది, ఇంకో పక్షం ఒక్కటే మోస్తోంది. 2018 జులైలో చేసిన చట్టంతో అరబ్బీకి అధికార భాష హోదా పోయింది కూడా. కోచ్‌కు ఇది తెలుసు. అందుకే పైకి లేచేటప్పుడు లెక్క ఒకసారి హీబ్రూలో, ఒకసారి అరబ్బీలో పెట్టిస్తుంది. అహత్, ష్తాయిమ్, షలోష్. తర్వాతి సారి వాహద్, త్నేన్, తలాతె. ఎవరు ఏ మాట దగ్గర లేవాలో పొరపాటు పడితే పిరమిడ్ కూలుతుంది కాబట్టి యూదు పిల్లలు ఆ మూడు అంకెలైతే మర్చిపోకుండా నేర్చుకున్నారు.

రంజాన్ నెల. ముస్లిం పిల్లల్లో పెద్దవాళ్లు ఉపవాసం. అరబ్బు పిల్లలందరూ ముస్లింలు కారు, ఈ కొండల్లో క్రైస్తవులు, డ్రూజులు (అరబ్బీ మాట్లాడే, తమదైన వేరే మతం ఉన్నవాళ్లు) కూడా ఉంటారు. ఒక క్రైస్తవ పిల్ల చాప చివర కూర్చుని నీళ్లు తాగుతోంది. దేర్ అల్ అసద్ నుంచి వచ్చిన పదహారేళ్ల అమ్మాయి పొద్దున్నుంచి చుక్క నీళ్లు ముట్టలేదు. పీటీ సారుగా నాకు భయమేసింది, ఎండలో ఇలాంటి కసరత్తు ఎలాగని. కోచ్ ఆమెను ఎక్కనివ్వలేదు, దూకనివ్వలేదు. కాపు కాసే పని అప్పజెప్పింది.

ఈ కాపు కాయడం గురించి కాస్త చెప్పాలి. చూసేవాళ్లకు పై పిల్లే కనిపిస్తుంది. ఆటను కాపాడేది మాత్రం పక్కన చేతులు సగం చాచి నిలబడ్డ మనిషి. ఆ మనిషి పై పిల్ల ముఖం చూడకూడదు, నడుము చూడాలి. ఒరిగేది ముందు నడుమే. పడేటప్పుడు కింద నిలబడి మోయాలనుకోకూడదు. దగ్గరికి వెళ్లి, పడే వేగాన్ని తన ఒంట్లోకి తీసుకోవాలి. అంటే పడేవాళ్ల దెబ్బలో కొంత తను తినాలి. మా బడిలో ఈ పని ఎవరూ చేయమనేవాళ్లు, చప్పట్లు రావు కదా అని.

మోకాళ్ల మీద వంగి ముగ్గురు, వాళ్ల మీద ఇద్దరు, ఆపైన ఒకరు. కర్మియేల్ నుంచి వచ్చిన పదేళ్ల బాబు పైకి ఎక్కాలి. మోకాలు కింది పిల్ల వీపు మధ్యలో పెట్టకూడదు, నడుము కింద ఎముక మీద పెట్టాలి. మా దగ్గర కూడా నేను చెప్పి చెప్పి అలసిపోయేది ఇదే. వాడు తొందరలో వీపు మధ్యలో పెట్టాడు, కింది పిల్ల నొప్పికి కదిలింది, వాడు పక్కకు జారాడు. కాపు కాస్తున్న అమ్మాయి పట్టుకుంది. పట్టుకుంటుండగా వాడి మోచేయి ఆమె పెదవికి తగిలింది. రక్తం.

హాలంతా ఒక్కసారిగా ఆగిపోయింది. పిల్లవాడి ముఖం పాలిపోయింది. నాకు టెన్షన్ మొదలైంది, ఎందుకంటే ఇదే దెబ్బ రోడ్డు మీద తగిలి ఉంటే దానికి రెండు ఊళ్ల పేర్లు చేరేవి. ఆ అమ్మాయి పెదవి తుడుచుకుని అరబ్బీలో ఏదో అంది. వాడికి అర్థం కాలేదు. క్షమించాననో, ఫరవాలేదనో అంటోందనుకున్నాను. పక్క పిల్ల హీబ్రూలోకి, కోచ్ నాకు ఇంగ్లిషులోకి మార్చి చెప్పారు. ఆమె అన్నది ఇదే: "నువ్వు కాలు ముందు పెట్టావు. చేయి ముందు పెట్టాలి."

వాడు తలూపాడు. మళ్లీ ఎక్కాడు, ఈసారి చేయి ముందు పెట్టి. ఆ పక్కన ఒక యూదు పిల్ల ఆ అమ్మాయికి నీళ్ల సీసా ఇవ్వబోయి ఆగిపోయి అడిగింది, పుక్కిలించి ఉమ్మేస్తే ఉపవాసం పోతుందా అని. పోదట, మింగకపోతే చాలట. ఇద్దరూ కలిసి వాష్ బేసిన్ దగ్గరికి వెళ్లారు.

కోచ్ ఇద్దరి ఇళ్లకూ వెంటనే ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది, ఒక ఇంటికి అరబ్బీలో, ఒక ఇంటికి హీబ్రూలో. కబురు వేరే దారిలో చేరకముందే తను చెప్పాలని. పదహారేళ్లు ఈ సర్కస్ నిలబడడానికి ఆ ఫోన్లు కూడా ఒక కారణమని నేను నమ్ముతాను.

చివరి అరగంట చిన్నపిల్లలు బంతులు తయారు చేశారు. బెలూన్‌లో గరాటుతో బియ్యం పోసి, మూతి కత్తిరించి, దాని మీద ఇంకో రంగు బెలూన్ తొడగడం. ఒకరు బెలూన్ మూతి సాగదీసి పట్టుకోవాలి, ఒకరు పోయాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. నేల నిండా బియ్యం. బియ్యం తొక్కకూడదని మా అమ్మ నేర్పిన అలవాటుకు నేను కూర్చుని ఏరుతుంటే పిల్లలూ నాతో పాటు ఏరడం మొదలుపెట్టారు.

మే 22, బుధవారం, దేర్ అల్ అసద్

పెదవికి దెబ్బ తగిలిన అమ్మాయి వాళ్ల అమ్మ ఇఫ్తార్‌కు పిలిచింది. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను, సబాకు చెప్పొద్దని కూడా చెప్పాను. చెప్పకుండా దాచినందుకు ఇప్పటికీ కొంచెం బాధగానే ఉంది.

దేర్ అల్ అసద్ అంటే సింహపు మఠం. 16వ శతాబ్దంలో ఇక్కడ నిలిచిన షేక్ ముహమ్మద్ అల్ అసద్ అనే సూఫీ గురువు పేరు మీద వచ్చిన పేరు. ఇరుకు వీధులు, కొండ ఎక్కుతూ పోవాలి. ప్రతి బాల్కనీకీ నెలవంక దీపాలు. ఏడున్నర దాటాక అజాన్ వినిపించింది. ముందు ఖర్జూరం, నీళ్లు, తర్వాత పప్పు చారు. నిజంగా పప్పు చారే, ఎర్రపప్పుతో చేసింది. ఇంగువ, చింతపండు ఉంటే మా ఇంటిదే అనుకునేవాణ్ణి.

మీ అమ్మాయిని యూదు పిల్లలతో సర్కస్‌కు ఎందుకు పంపుతున్నారని ఆ తల్లిని అడిగాను. శాంతి గురించి ఏదైనా చెబుతుందనుకున్నాను. ఆమె బడి టీచరు. నవ్వి, "ఇంట్లో సోఫాల మీద పల్టీలు కొట్టేది. రెండు సోఫాలు విరిగాయి. మా ఊళ్లో నేర్పేవాళ్లు లేరు" అంది. అంతే. తాతగారు మాత్రం వేరే మాట చెప్పారు. వాళ్ల నాన్నకు కర్మియేల్ ఇప్పుడున్న చోట ఒలీవ చెట్లు ఉండేవట. మనవరాలిని దింపడానికి కారులో వెళ్లినప్పుడల్లా ఏ వీధి ఎవరి చేనో ఆయన మనసులో లెక్క పెట్టుకుంటారు. అయినా దింపుతారు. వారానికి రెండుసార్లు.

ఆ రెండు జవాబులూ నేను పక్కపక్కనే పెట్టుకుని చాలాసేపు ఆలోచించాను. పిల్లలు ఇక్కడికి సామరస్యం కోసం రావడం లేదు. గాలిలో తిరగడం కోసం వస్తున్నారు. అందుకే ఇది నడుస్తోంది. సర్కస్ బాగా నేర్పకపోతే, ఎంత గొప్ప ఆశయం ఉన్నా, రెండో వారానికి హాలు ఖాళీ. ఇంకో సంగతి: తాతగారి ఒలీవ చెట్లకు సర్కస్ దగ్గర జవాబు లేదు. ఉందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డుకు ఇటువైపు కర్మియేల్‌లో పొగ వాసన. ఆ రాత్రి లగ్ బఓమెర్, యూదు పిల్లలు వారాల తరబడి కట్టెలు పోగేసి మంటలు వేసుకునే పండగ. మన భోగి లాగే. ఎండ తీవ్రత వల్ల ఆంక్షలు పెట్టారు, అక్కడక్కడ మాత్రమే మంటలు. ఒక కొండవాలు మీద నెలవంక దీపాలు, ఇంకో వాలు మీద మంటలు. పిల్లలు మాత్రం రెండు వైపులా అర్ధరాత్రి దాకా మెలకువగానే ఉన్నారు.

మే 23, గురువారం

విపరీతమైన వడగాలి. దేశంలో పలుచోట్ల అడవులు, ఇళ్లు తగలబడ్డాయి. జగిత్యాల ఎండల్లో పెరిగినవాణ్ణి, నాకే బయట తిరగడం కష్టమైంది. హైఫాలో ఇంట్లోనే ఉన్నాం. తమ్ముడు ఫోన్లో ఎన్నికల ఫలితాలు చూస్తూ కూర్చున్నాడు. మా నిజామాబాద్ స్థానంలో పసుపు రైతులతో కలిపి 185 మంది పోటీ చేశారు కదా, సబాకు ఆ లెక్క ఎంతకీ నమ్మకం కుదరలేదు.

మే 24, శుక్రవారం, మళ్లీ కర్మియేల్

పడ్డ బాబు వాళ్ల ఇంటికి వెళ్లాను. మధ్యాహ్నం తర్వాత షబ్బాత్ (శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా యూదుల విశ్రాంతి దినం) కోసం రైళ్లు ఆగిపోతాయి కాబట్టి పొద్దున్నే వెళ్లి వచ్చేశాను. వాళ్ల కుటుంబం 90లలో రష్యా నుంచి వచ్చింది. ఈ పట్టణంలో అలా వచ్చినవాళ్లు చాలామంది. అమ్మమ్మకు హీబ్రూ కూడా సరిగా రాదు, రష్యనే. సర్కస్ అనగానే ఆమె ముఖం వెలిగింది. ఆమె చిన్నప్పుడు ఊరూరా రాతితో కట్టిన సర్కస్ భవనాలు ఉండేవట, సర్కస్ ఆడేవాళ్లంటే డాక్టర్లకు ఉన్నంత గౌరవమట.

నాకు మా వీధిలో దొమ్మరాట ఆడిన కుటుంబాలు గుర్తొచ్చాయి. వెదురు గడ మీద ఏడేళ్ల పిల్ల బొర్లా పడుకుని తిరిగేది. ఊరంతా నోరు తెరుచుకుని చూసేది. ఆట అయ్యాక ఆ పిల్లకు నీళ్లు ఎత్తి దోసిట్లో పోసేవాళ్లు, గిన్నె ముట్టనిచ్చేవాళ్లు కాదు. నేనూ అక్కడే నిలబడి చూశాను. వాళ్ల ఆటలో ఉన్న విద్యను మేం ఒక్కరం కూడా అడిగి నేర్చుకోలేదు. ఇంత దూరం వచ్చి వేరేవాళ్ల గోడల గురించి రాస్తున్నాను కాబట్టి ఇది కూడా రాయాలి.

అమ్మమ్మ ఆ అమ్మాయికి ఇమ్మని ఒక జాడీ చెర్రీ జామ్ ఇచ్చింది, పెదవి తగ్గాక తినమని.

మే 25, శనివారం, అక్కో

తమ్ముడికి సెలవు. షబ్బాత్ నాడు రైళ్లు ఉండవు, షేర్ టాక్సీలో అక్కో వెళ్లాం. 1781 నాటి అల్ జజ్జార్ మసీదు, నేల కింద క్రూసేడర్ల హాళ్లు, 1799లో నెపోలియన్‌ను వెనక్కి పంపిన కోట గోడ. ఊరు గొప్పది, దాని గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ కోట గోడ మీద నుంచి సముద్రంలోకి దూకే మగపిల్లలు. ఒక్కొక్కడూ రెండు మూడు అంతస్తుల ఎత్తు నుంచి దూకుతున్నాడు. చాప లేదు, కాపు కాసేవాళ్లు లేరు. ఇలాంటి పిల్లలకు ఒక హాలు, ఒక కోచ్ దొరికితే ఏమవుతారో మంగళవారమే చూశాను.

ఇక్కడ ఆగి, తర్వాత జరిగినవి రెండు రాస్తాను, ఎందుకంటే ఈ డైరీని నేను మళ్లీ రాస్తున్నది ఆరేళ్ల తర్వాత. 2020లో కర్మియేల్‌లోని అరబ్బు పిల్లలు ఊళ్లో అరబ్బీ బడి లేక పక్క ఊరికి వెళ్లడానికి ప్రయాణ ఖర్చులు అడిగితే, కింది కోర్టు ఆ 2018 చట్టాన్నే చూపించి కాదంది. 2023 అక్టోబరు 7 దాడి, గాజా యుద్ధం, అక్కడ చనిపోయిన వేలాది పిల్లలు, వీటి గురించి అందరికీ తెలుసు. 2024 జులైలో గోలాన్ కొండల మీది మజ్దల్ షమ్స్ అనే ఊళ్లో ఫుట్‌బాల్ మైదానం మీద రాకెట్ పడి 12 మంది డ్రూజు పిల్లలు చనిపోయారు. పిల్లలతో మైదానంలోనే బతికే మనిషిని, ఆ వార్త చదివిన రోజు నేను బడికి వెళ్లలేకపోయాను. అదే ఏడాది అక్టోబరులో మజ్ద్ అల్ కురూమ్‌లో రాకెట్ పడి ఇద్దరు పోయారు. ఆ వారం నేను చూసిన రోడ్డు పక్క ఊరే అది. ఇన్నిటి మధ్య ఒక ఇరవై మంది పిల్లల పిరమిడ్ ఏపాటిది అని అడిగితే, ఆ చాపల మీద నేను చూసింది చూసినట్టు చెప్పడం తప్ప నా దగ్గర వేరే వాదన లేదు.

మే 26, ఆదివారం

రాత్రికి విమానం. మధ్యాహ్నం చివరిసారి హాలుకు వెళ్లాను. అమ్మాయి పెదవి వాపు తగ్గింది. జామ్ జాడీ ఇచ్చాను. ఇఫ్తార్ తర్వాత తింటానని సంచిలో పెట్టుకుంది.

2007లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నుంచి ఒక పిల్లల సర్కస్ బృందం ఇక్కడికి వచ్చి వీళ్లతో కలిసి ప్రదర్శనలు ఇచ్చింది. జెస్సికా హెంటాఫ్ నడిపే సర్కస్ హార్మనీ పిల్లలు. ఆ తర్వాత ఇక్కడి పిల్లలు కూడా అక్కడికి వెళ్లారు. ఆ స్నేహానికి వాళ్లు పెట్టుకున్న పేరుకు అర్థం పిరమిడ్ల ద్వారా శాంతి. అందుకే కొత్తవాళ్లు వస్తే వీళ్లకు ఒక అలవాటు ఉంది, చూడనిచ్చి వదలరు, ఆటలోకి దించుతారు. నన్ను కింది వరసలో పెట్టారు. నలభై ఆరేళ్ల నడుము. ఒక పక్క దేర్ అల్ అసద్ కుర్రాడు, ఇంకో పక్క కర్మియేల్ కుర్రాడు, నడుమ నేను. లెక్క నా భాషలో పెట్టమన్నారు. ఎవరికీ సొంతం కాని భాష, కాబట్టి అందరికీ ఒకే దూరం.

ఒకటి. నా నడుము మీద ఒక చేయి పడింది. చేయే ముందు. రెండు. మోకాలు, సరిగ్గా పెట్టాల్సిన చోట. మూడు. ఆ పదేళ్ల బరువు నా మీద నుంచి పైకి వెళ్లింది. నేను నేల వైపు చూస్తున్నాను, పైన ఏం జరుగుతోందో కనిపించదు. కింద ఉన్నవాళ్లకు తెలిసేది పక్కవాడి భుజం వణుకు మాత్రమే. అది వణికితే మనం ఇంకొంచెం గట్టిగా నిలబడతాం. వాడు ఎవరి కొడుకు అన్న ఆలోచన ఆ క్షణంలో రాదు.

ఆరున్నరకు పిల్లల వ్యాను వచ్చింది. రోడ్డుకు ఉత్తరాన ఉండేవాళ్లు అందులో ఎక్కారు, దక్షిణాన ఉండేవాళ్లు నడుచుకుంటూ వెళ్లారు. కిటికీలోంచి ఎవరో "ఒకటి రెండు మూడు" అని అరిచారు.

విమానాశ్రయంలో సెక్యూరిటీ అమ్మాయి ప్రశ్నలు అడిగింది. ఎక్కడెక్కడికి వెళ్లారు, ఎవరిని కలిశారు. దేర్ అల్ అసద్ అనగానే ఇంకో ఆఫీసరును పిలిచింది. ఎవరైనా ఏదైనా ఇచ్చారా అని అడిగారు. ఇచ్చారన్నాను. సంచి విప్పాను. బియ్యం పోసిన మూడు బెలూన్ బంతులు, పసుపు, ఆకుపచ్చ, నీలం. ఆమె ఒక్కొక్కటి నొక్కి చూసింది, యంత్రంలో పెట్టింది, తీసింది.

"ఎవరు చేశారు?"

"పిల్లలు."

"ఏ పిల్లలు? ఇది ఎవరిది, అది ఎవరిది?"

నేను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఒకరు పట్టుకున్నారు, ఒకరు పోశారు. ఏ బంతికి ఎవరు పట్టుకున్నారో, ఎవరు పోశారో నాకు నిజంగా తెలియదు. అదే చెప్పాను. ఆమె కొంచెంసేపు నా ముఖం వైపు చూసింది, తర్వాత మూడు బంతులూ సంచిలో వేసి జిప్పు మూసింది.